60 మెగాబైట్ల పనితనం

మన కంప్యూటరు లోపలే మరో కంప్యూటరును (వర్చువల్ మెషిన్‌ను) నడిపే ప్రోగ్రాం క్యూఎమూ. దానితో క్యూఎమూ-ఇమేజ్ క్రియేట్ అని మొదలుపెట్టి, ఫార్మాట్ క్యూకౌ2 అని చెప్పి, ఫైలుకో పేరిచ్చి, చివర 8జీ అని రాసి ఎంటర్ నొక్కితే ఎనిమిది గిగాబైట్ల హార్డ్ డిస్కు ఒకటి తయారవుతుంది. (కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిషు అక్షరాలే.) రెప్పపాటు కూడా పట్టదు. ఆ ఫైలు ఎంత చోటు తీసుకుందో చూస్తే 200 కిలోబైట్లు కూడా ఉండదు. లోపల నడవబోయే లినక్స్‌కు మాత్రం అది నిండు ఎనిమిది గిగాబైట్ల డిస్కే. దానిమీద పార్టిషన్లు వేసుకుంటుంది, ఫైల్ సిస్టమ్ పరుచుకుంటుంది, ఖాళీ ఎంతుందని అడిగితే గిగాబైట్లలో జవాబు చెబుతుంది. బయట మన లాప్‌టాప్ మాత్రం నిజంగా రాసినంత మేరకే చోటు ఇస్తుంది.

ఇది ఎలా సాధ్యమో కాస్త నిదానంగా చూడాలి, పనితనమంతా అక్కడే ఉంది. క్యూకౌ2 డిస్కును 64 కిలోబైట్ల ముక్కలుగా చూస్తుంది. ఏ ముక్క ఫైలులో ఎక్కడ ఉందో చెప్పే పట్టికలు రెండంచెల్లో ఉంటాయి. రెండో అంచె పట్టిక ఒక్కొక్కటీ సరిగ్గా ఒక ముక్కంత. అందులో 8,192 చిరునామాలు పడతాయి, అంటే ఒక పట్టిక 512 మెగాబైట్లకు లెక్క చెబుతుంది. మన డిస్కుకు అలాంటివి 16 సరిపోతాయి. అయితే ఆ 16 కూడా మొదట్లో ఉండవు. లోపలి యంత్రం ఫలానా చోట రాయమన్నప్పుడే ఆ చోటు పట్టిక పుడుతుంది, ఫైలు చివర ఒక కొత్త ముక్క చేరుతుంది, దాని చిరునామా పట్టికకెక్కుతుంది. ఎన్నడూ రాయని చోటును చదవమంటే డిస్కు దాకా పోనే పోదు, సున్నాలు తిరిగిచ్చేస్తుంది. అడిగేదాకా దేన్నీ సిద్ధం చేయకపోవడం, అడిగిన క్షణంలో తడుముకోకపోవడం, ఈ రెండూ కలిసి కుదరడం తేలిక కాదు.

దీనికే ఇంకో గుణముంది, నాకు అన్నిటికంటే నచ్చినది. ఒకసారి లినక్స్ పెట్టి తయారుచేసుకున్న ఫైలును మూలంగా ఉంచి, దానిమీద ఆనుకునే కొత్త ఫైలు పుట్టించవచ్చు. కొత్తదానిలో మార్పులు మాత్రమే పడతాయి. మారనిదేదైనా మూలం నుంచే చదువుతుంది. అంటే పది యంత్రాలు కావాలంటే పది నకళ్ళు అక్కర్లేదు, ఒక మూలమూ దానిమీద పది పలుచని పొరలూ చాలు. ఒక పొర చెడితే చెరిపేసి మళ్ళీ పుట్టిస్తే సరి. మూలాన్ని మాత్రం తర్వాత ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పైనున్న పొరలన్నీ అర్థం లేనివైపోతాయి. ఈ నియమాన్ని చాలామంది గట్టిగా చెప్పరు గనుక ఇక్కడ చెబుతున్నాను: మూలం ఫైలుకు రాసే అనుమతి తీసేసి పెట్టుకోండి.

ఇదంతా ఎవరికి అవసరమో చెప్పాలంటే సూరత్ సంగతి ఎత్తాలి. సూరత్‌లో తెలుగువాళ్ళంటే ముందుగా లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల మీద బతికే కుటుంబాలు గుర్తొస్తాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. రైల్వే స్టేషన్‌కు తూర్పున ఉన్న వరాఛా తీరు వేరు. ఇక్కడ ఎక్కువమంది సౌరాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళు, ఎక్కువ పని వజ్రాలది, ఆ తర్వాత ఎంబ్రాయిడరీది. రెంటిలోనూ కంప్యూటరు ఎప్పుడో లోపలికొచ్చింది. ముడిరాయిని స్కాన్ చేసి ఎలా కోయాలో తెరమీదే తేలుస్తారు. డిజైన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తే సూదులు వరసగా దాన్ని గుడ్డమీద దింపుతాయి. ఇలాంటి చోట సర్వర్ల పని నేర్చుకుని ఉద్యోగం చూసుకుందామనుకునే కుర్రవాడి చేతిలో ఉండేది సాధారణంగా సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్. నాలుగు గిగాబైట్ల మెమరీ. అందులోనే ఇంటివాళ్ళ బిల్లులు, అక్క పెళ్ళి ఫొటోలు, తమ్ముడి పాఠాలు. దాన్ని పాడుచేసే హక్కు అతనికి లేదు. పాడుచేయకుండా సర్వర్ పని ఎవరికీ రాదు. చెరిపేసినా ఎవరికీ నష్టం లేని మరో కంప్యూటరు ఆ లాప్‌టాప్‌లోనే పుట్టించుకోగలగడం అతనికి ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. రంగులతో, కిటికీలతో వచ్చే పెద్ద వర్చువల్ మెషిన్ ఆ నాలుగు గిగాబైట్లలో ఇరుక్కుని ఊపిరాడక కూర్చుంటుంది. కమాండ్ లైన్ నుంచి లేపిన చిన్నది అరగిగాబైటులో హాయిగా నడుస్తుంది.

లేపే కమాండ్ పొడుగైనదే. క్యూఎమూ-సిస్టమ్-ఎక్స్86_64 అన్న పేరుతో మొదలై, వేగం కోసం, కింద చెప్పబోయే కేవీఎం వాడమని, ప్రాసెసర్ ఉన్నదున్నట్టు చూపమని, మెమరీ 512 అని, డిస్కు ఇదని, సీడీ ఇదని, నెట్‌వర్క్ ఇలా అని, చివర నోగ్రాఫిక్ అని వరసగా సాగుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు బెదురుతారు. నిజానికి అందులో ఒక్కొక్క మాట ఒక్కొక్క భాగాన్ని బిగిస్తుంది: ఇది ప్రాసెసర్, ఇది మెమరీ, ఇది డిస్కు. చెప్పనివి తనంతట తాను పెట్టుకుంటుంది. మెమరీ సంగతి ఎత్తకపోతే 128 మెగాబైట్లే ఇస్తుంది. ఈ పొడుగు వాక్యాన్ని ఒక చిన్న ఫైలులో రాసి పెట్టుకుంటే అదే ఆ యంత్రానికి పూర్తి వివరం. స్నేహితుడికి పంపినా అతని దగ్గరా అదే యంత్రం లేస్తుంది. మౌస్‌తో ఒక్కో పెట్టె నొక్కుకుంటూ చేసిన అమరికకు ఈ సుగుణం లేదు.

క్యూఎమూను 2003లో మొదలుపెట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్. వీడియోల లోకాన్ని మోస్తున్న ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా ఆయన మొదలుపెట్టినదే. క్యూఎమూ అసలు పని ఒక ప్రాసెసర్ ఆదేశాలను ఇంకో ప్రాసెసర్ ఆదేశాలుగా అప్పటికప్పుడు మార్చడం. మన యంత్రం లోపలా బయటా ఒకే రకం ప్రాసెసర్ కనుక ఆ మార్పిడి అక్కర్లేదు. లోపలి ఆదేశాలు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడవాలి. ఇక్కడే చాలాకాలం చిక్కు ఉండేది.

పాపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు 1974లోనే ఒక షరతు చెప్పారు. యంత్రం స్థితిని తాకే ప్రతి ఆదేశమూ, అధికారం లేనివాడు వాడినప్పుడు, పై అధికారి దగ్గర ఆగి తీరాలి. అప్పుడే ఒక యంత్రంలో ఇంకో యంత్రాన్ని నమ్మకంగా నడపగలం. ఇంటెల్ ప్రాసెసర్లు ఈ షరతుకు ఒదగలేదు. పెంటియంలో ఒదగని ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో పరిశోధకులు లెక్కతేల్చారు. వాటిలో పాప్‌ఎఫ్ ఒకటి. అధికారం లేకుండా దానితో అంతరాయాలను ఆపమంటే ఆపదు, తప్పని కూడా చెప్పదు, మౌనంగా ముందుకు పోతుంది. లోపలి లినక్స్ ఆపేశాననుకుంటుంది, నిజానికి ఏమీ ఆగలేదు. వీఎంవేర్ వాళ్ళు ఇలాంటి ఆదేశాలను నడుస్తుండగానే పట్టుకుని తిరగరాసి ఆ చిక్కును దాటారు, అది మరో ఘనమైన కథ. 2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే దీనికి దారి కల్పించాయి.

ఆ దారి తెరుచుకున్నాక ఇజ్రాయెల్‌లోని క్యుమ్రానెట్ అనే చిన్న కంపెనీలో అవీ కివిటీ తీసుకున్న నిర్ణయం ఈ మొత్తంలో నాకు తలమానికంగా కనిపిస్తుంది. వర్చువల్ యంత్రాలను నడిపేందుకు ప్రత్యేకంగా ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. దానికో షెడ్యూలర్, దానికో మెమరీ లెక్క, దానికి డ్రైవర్లు. ఇవన్నీ లినక్స్‌లో ఏళ్ళ తరబడి రాటుదేలి ఉన్నవేనని కివిటీ గుర్తించాడు. అందుకని ఆయన కొత్త వ్యవస్థ కట్టలేదు. లినక్స్‌కే కేవీఎం అనే ఒక మాడ్యూల్ చేర్చాడు. ఆ మాడ్యూల్ డెవ్ డైరెక్టరీలో కేవీఎం అన్న ఒక్క ఫైలును చూపుతుంది. క్యూఎమూ ఆ ఫైలు తెరిచి, ఇదిగో మెమరీ, ఇదిగో ప్రాసెసర్ స్థితి, ఇక నడుపు అంటుంది. ప్రాసెసర్ లోపలి లోకంలోకి దూకి పూర్తి వేగంతో పరుగెత్తుతుంది. డిస్కునో నెట్‌వర్క్‌నో ముట్టుకోవలసి వచ్చినప్పుడు బయటికి వస్తుంది, క్యూఎమూ ఆ పని చేసిపెడుతుంది, మళ్ళీ లోపలికి. 2006 అక్టోబరులో బయటపెట్టిన ఈ పని 2007 ఫిబ్రవరిలో వెలువడిన లినక్స్ 2.6.20లో భాగమైపోయింది. కెర్నల్ పెద్దలు అంత త్వరగా తలూపడం అరుదు.

దీని ఫలితం మన లాప్‌టాప్ మీదే చూడొచ్చు. ఆ మొత్తం యంత్రం బయటి లినక్స్‌కు మామూలు ప్రాసెస్ మాత్రమే. పీఎస్ కొడితే మిగతావాటి మధ్య ఒక పంక్తిగా కనబడుతుంది. కిల్ కొడితే చస్తుంది. ప్రాధాన్యం తగ్గించాలంటే నైస్ ఉంది. 512 మెగాబైట్లు ఇచ్చామన్నా అంతా ఒక్కసారి లాక్కోదు. లోపలివాడు ఏ పేజీని ముట్టుకుంటే ఆ పేజీ మాత్రమే అసలు మెమరీలోంచి పోతుంది. డిస్కు ఫైలులో చూసిన గుణమే ఇది. వేరువేరు మనుషులు, వేరువేరు చోట్ల, ఒకే మర్యాద పాటించారు. తమ ప్రాసెసర్‌కు ఈ శక్తి ఉందో లేదో తెలియనివాళ్ళు ప్రాక్ కింద సీపీయూఇన్ఫో ఫైలులో వీఎంఎక్స్ గానీ ఎస్‌వీఎం గానీ ఉందేమో వెతకాలి. ఉండీ పనిచేయకపోతే బయోస్‌లో ఆ మీట ఆపి ఉంటుంది. పాత లాప్‌టాప్‌లలో ఇది మామూలే.

డిస్కు, నెట్‌వర్క్‌ల దగ్గర కమాండులో వర్ట్‌ఐవో అన్న మాట వస్తుంది. అది లేకపోతే క్యూఎమూ నిజంగా ఒకప్పుడు అమ్మిన ఏదో నెట్‌వర్క్ కార్డులా నటిస్తుంది, దాని ప్రతి రిజిస్టర్‌నూ అనుకరిస్తుంది. లోపలివాడు ఒక రిజిస్టర్ ముట్టుకున్నప్పుడల్లా ప్రాసెసర్ బయటికి రావాలి. లినక్స్ కెర్నల్ రాసేవాళ్ళలో ఒకడైన రస్టీ రసెల్ ఈ నటన వద్దన్నాడు. లోపలి లినక్స్‌కు తాను వర్చువల్ యంత్రంలో ఉన్నానని తెలియనివ్వండి, ఇద్దరికీ ఉమ్మడిగా మెమరీలో ఒక వలయం పెట్టండి, ఇటువాళ్ళు అందులో పనులు వరసగా పెడితే అటువాళ్ళు తీసుకుంటారు, అన్నీ పెట్టాక ఒక్కసారి తట్టితే చాలు అన్నాడు. 2008 నుంచి లినక్స్‌లో ఇదే బాట.

నెట్‌వర్క్‌లో ఇంకో చిన్న అద్భుతం దాగుంది. యూజర్ అని రాస్తే చాలు, రూట్ అధికారం లేకుండానే లోపలి యంత్రానికి ఇంటర్నెట్ వచ్చేస్తుంది. లోపల 10.0.2.15 అన్న చిరునామా దొరుకుతుంది, 10.0.2.2 దాని ద్వారం, 10.0.2.3 పేర్లు వెతికిపెట్టేది. ఇవేవీ నిజంగా లేవు. క్యూఎమూ లోపలే ఒక చిట్టి టీసీపీ వ్యవస్థ కూర్చుని, వచ్చిన ప్యాకెట్లను విప్పి, మామూలు ప్రోగ్రాం చేసినట్టే బయట సాకెట్లు తెరుస్తుంది. స్లర్ప్ అనే ఈ భాగం 1990ల మధ్యలో, ఫోను లైను మీద షెల్ అకౌంటు మాత్రమే ఉన్న విద్యార్థులు దాన్నే పూర్తి ఇంటర్నెట్‌గా మార్చుకోవడానికి పుట్టింది. వాళ్ళ అవసరం తీరిపోయింది, పని మిగిలింది. దీనికి కొరతలున్నాయి: వేగం తక్కువ, పింగ్ చాలాచోట్ల బయటికి పోదు, బయటినుంచి లోపలికి రావాలంటే దారి మనమే చెప్పాలి. హోస్ట్ పోర్టు 2222ను లోపలి 22కు కలిపితే ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్ళొచ్చు. నేర్చుకునేవాడికి ఇంతకు మించి అక్కర్లేదు.

ఇక లోపలికి పోయే లినక్స్. నేను వాడేది ఆల్పైన్, అందులోనూ వర్చువల్ యంత్రాలకని విడిగా ఇచ్చే వర్ట్ అనే రూపం. ఐఎస్‌ఓ ఫైలు సుమారు 60 మెగాబైట్లు, ఫోనులో తీసే చిన్నపాటి వీడియో కంటే తక్కువ. డిస్కు మీద వేసుకుంటే 130 మెగాబైట్ల దగ్గర మొదలవుతుంది. ఇంత చిన్నదిగా ఉండటానికి కారణం రెండు నిర్ణయాలు. ఎల్ఎస్, క్యాట్, గ్రెప్, వీఐ లాంటి వందల కమాండ్లన్నీ బిజీబాక్స్ అనే ఒకే ఒక్క ప్రోగ్రాం. ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. బ్రూస్ పెరెన్స్ 1995లో డెబియన్‌ను బూట్ చేసే ఫ్లాపీలో పట్టాలని దీన్ని రాశాడు. 1.44 మెగాబైట్ల ఇరుకు నేర్పిన క్రమశిక్షణ ఇప్పటికీ అందులో ఉంది. రెండోది మసల్. ప్రతి ప్రోగ్రామూ ఆనుకునే సీ లైబ్రరీని రిచ్ ఫెల్కర్ మొదటి నుంచి కొత్తగా, పొదుపుగా రాశాడు. 2014లో ఆల్పైన్ దానికి మారింది.

వరాఛాలో వజ్రాలు సానపట్టే ఘంటీ ముందు కూర్చునే రత్నకలాకార్‌కు, అక్కర్లేనిది తీసేసే ఈ విద్య విడమర్చి చెప్పనక్కర్లేదు. ముడిరాయి బరువులో తరచు సగానికి పైగా పొడిగా పోతుంది. ఏది పోవాలన్నది ముందే తేల్చుకుంటారు గనుకే మిగిలినది వెలుగును పట్టుకుంటుంది.

తీసేసినదానికి మూల్యం కూడా ఉంది, దాన్ని దాచి పొగడటం నాకిష్టం లేదు. మామూలు లినక్స్‌లలోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ కోసం కట్టిన ప్రోగ్రాములు మసల్ మీద అలాగే నడవవు. పైథాన్ నేర్చుకునేవాళ్ళు దీని దెబ్బ తిన్నారు. ముందే కట్టిన ప్యాకేజీలు దొరక్క ప్రతిదాన్నీ సోర్సు నుంచి కట్టుకోవలసి వచ్చేది, అరగిగాబైటు యంత్రంలో అది గంటల పని. 2021లో మసల్ కోసం విడిగా పైథాన్ ప్యాకేజీల ప్రమాణం వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది. పెద్ద డీఎన్ఎస్ జవాబులను టీసీపీ మీద తెచ్చుకోవడం మసల్‌కు 2023 దాకా రాలేదు. డేటా సైన్సు కోసమైతే డెబియన్ పెట్టుకోమంటాను. సర్వర్ లోపలి నిర్మాణం చేత్తో తాకి తెలుసుకోవాలంటే ఆల్పైన్‌కు సాటి లేదు, ఎందుకంటే అందులో మీకు తెలియకుండా నడిచేది దాదాపు ఏమీ లేదు. పీఎస్ కొడితే వచ్చే జాబితాను కూర్చుని పంక్తి పంక్తీ చదివి అర్థం చేసుకోవచ్చు.

బూటయ్యాక రూట్ అని కొడితే పాస్‌వర్డ్ అడక్కుండానే లోపలికి రానిస్తుంది. సెటప్-ఆల్పైన్ అంటే ప్రశ్నలు మొదలవుతాయి: కీబోర్డు, యంత్రం పేరు, నెట్‌వర్క్, పాస్‌వర్డ్, టైమ్‌జోన్, ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి, ఎస్‌ఎస్‌హెచ్ ఏది, డిస్కు ఏది. చాలావాటికి ఎంటర్ నొక్కితే చాలు. టైమ్‌జోన్ దగ్గర ఆసియా/కోల్‌కతా అని రాయాలి. డిస్కు పేరు వీడీఏ, వాడకం సిస్. దాదాపు ప్రతి ప్రశ్నకూ వెనక ఒక చిన్న విడి స్క్రిప్టు ఉంది, అన్నీ తెరిచి చదవగలిగే మామూలు షెల్ కోడ్. ఇన్‌స్టాలర్ ఎలా పనిచేస్తుందో చూడాలనుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం.

తెలుగు సంగతి. నోగ్రాఫిక్ అని రాసినప్పుడు లోపలి యంత్రం తెర మనకు కనబడదు, సీరియల్ లైను మాత్రమే అందుతుంది. అది బైట్లు పంపుతుంది, అక్షరాలు గీసేది బయటున్న మన టెర్మినల్. లినక్స్ సొంత తెరలో 512 గుర్తులకు మించి పట్టవు, గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన లిపికి అక్కడ చోటు లేదు. ఈ పద్ధతిలో మాత్రం లోపల తెలుగు ఫాంటు ఒక్కటీ లేకపోయినా, తెలుగులో పేరు పెట్టిన ఫైలు మన టెర్మినల్‌లో కనిపిస్తుంది. ప్రింట్‌ఎఫ్‌తో అమ్మ అన్న మాటను డబ్ల్యూసీకి పంపి బైట్లు లెక్కపెట్టమంటే 12 అంటుంది: అ ఒకటి, మ ఒకటి, పొల్లు ఒకటి, మళ్ళీ మ, ఒక్కోదానికి మూడు. యూనికోడ్ పాఠంలో పేజీలు చదివినా రాని స్పష్టత ఈ ఒక్క పంక్తితో వస్తుంది. అయితే టెర్మినళ్ళు గడుల లెక్కలో అక్షరాలు అమర్చుతాయి గనుక చాలావాటిలో ఒత్తులు పక్కకు జరిగి కనిపిస్తాయి. అది సరిచేయవలసిన కొరతే. స్వేచ్ఛ సంస్థ వంటివాళ్ళు లినక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చారు. టెర్మినల్‌కు అలాంటి శ్రద్ధ ఇంకా అందలేదు.

బయటికి రావాలంటే లోపల పవర్ఆఫ్ అనాలి. ఎటూ తోచక బిగుసుకుపోతే కంట్రోల్-ఏ నొక్కి, వదిలి, ఎక్స్ నొక్కాలి. ఇది తెలియక టెర్మినల్ కిటికీనే మూసేసేవాళ్ళు చాలామంది.

తగ్గించడంలో ఇంకా ఎంత దూరం పోవచ్చో 2015లో ఒక దెబ్బ నేర్పింది. క్యూఎమూలోని ఫ్లాపీ డిస్క్ కంట్రోలర్ కోడ్‌లో ఒక లోపం బయటపడింది, దానికి వెనమ్ అని పేరుపెట్టారు. లోపలి యంత్రంలోంచి బయటి కంప్యూటర్‌లోకి తప్పించుకునే వీలున్న లోపం. ఆ కోడ్ 2004 నుంచి అక్కడే ఉంది. ఫ్లాపీ వాడేవాళ్ళు అప్పటికి దాదాపు ఎవరూ లేరు. వద్దని చెప్పినా ఆ కోడ్ మాత్రం చురుగ్గానే ఉండిపోయేది. అక్కర్లేని భాగం బరువొక్కటే కాదు, తలుపు కూడా.

2018 నవంబరులో అమెజాన్ బయటపెట్టిన ఫైర్‌క్రాకర్ ఈ పాఠాన్ని చివరిదాకా చదివినవాళ్ళ పని. కేవీఎంను అలాగే ఉంచుకుని, క్యూఎమూను పక్కనపెట్టి, దాని పని చేసే ప్రోగ్రామును రస్ట్ భాషలో రాశారు. నెట్‌వర్క్, డిస్కు, సీరియల్ లైను, ఇంకా ఒకటి రెండు తప్ప ఏ పరికరమూ మొదట్లో పెట్టలేదు. కీబోర్డు కంట్రోలర్ ఒకటి ఉంచారు, అదీ యంత్రాన్ని ఆపడానికి మాత్రమే. 125 మిల్లీసెకన్లలో లోపలి ప్రోగ్రాం మొదలవుతుంది, ఒక్కో యంత్రానికి అదనంగా పట్టే మెమరీ ఐదు మెగాబైట్ల లోపు. అమెజాన్ లాంబ్డా సేవలో ఎవరో ఒక ఫంక్షన్ పిలిచినప్పుడు దాని వెనక లేచేది ఇలాంటి యంత్రమే.

క్యూఎమూ కూడా దాన్ని చూసి నేర్చుకుంది. 2019 డిసెంబరులో వచ్చిన 4.2తో మైక్రోవీఎం అనే కొత్త యంత్ర రకాన్ని చేర్చింది. మామూలుగా పీసీఐ ఉండదు, ఫ్లాపీ లేదు, పాత పరికరాలు కొన్నే. ఇందులో సీడీ నుంచి బూట్ చేసే పద్ధతి సాధారణంగా కుదరదు. వర్ట్‌ఐవో డ్రైవర్లు లోపలే ఉన్న కెర్నల్ ఫైలును కమాండులో నేరుగా ఇవ్వాలి, డిస్కును వర్ట్‌ఐవో పరికరంగా విడిగా తగిలించాలి. కెర్నల్ కట్టుకోవడం ఇంకా రానివాళ్ళకు ఇది కాస్త కష్టమే. వచ్చినవాళ్ళు, పైన చెప్పిన పొడుగు కమాండులో యంత్రం రకాన్ని మార్చి, రెంటినీ ఒకే లాప్‌టాప్ మీద పక్కపక్కన లేపి, టైమ్ కమాండుతో కొలిచి చూసుకోవచ్చు.